తోలులోని గొలుసులు: డాక్టర్ నాయుడమ్మ పరిశోధన

సింగానల్లూరు బస్సు నిలయంలో మదురై బస్సెక్కి దిండిగల్లు మీదుగా వెళ్లే మన కుటుంబాలకు ఆ ఊరి తోళ్ల కర్మాగారాల సంగతి కొత్త కాదు. ఈరోడ్డు, ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటలలోనూ ఇదే పరిశ్రమ. దీనికి శాస్త్రపు పునాది వేసినవారిలో అగ్రగణ్యులు ఒక తెలుగువారు, డాక్టర్ యలవర్తి నాయుడమ్మ. (పేరు చూసి స్త్రీ అనుకొనేవారు నేటికీ ఉన్నారు.)

ఆయన 1922 సెప్టెంబరు 10న తెనాలి సమీపంలోని యలవర్రులో రైతు కుటుంబంలో జన్మించారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక రసాయనశాస్త్రం చదివి, మద్రాసులో తోళ్ల విద్యను ఎంచుకొన్నారు. తోలు పని చేసేవారిని ఊరి వెలుపల ఉంచిన సమాజంలో ఒక రైతుబిడ్డ ఆ దారి పట్టడం సామాన్య విషయం కాదు. అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది వచ్చి, అడయారులోని కేంద్రీయ చర్మ పరిశోధనా సంస్థకు 1958లో డైరెక్టరు అయ్యారు.

ఇంతకూ తోలు అంటే ఏమిటి? పశువు చర్మంలో ముఖ్య పదార్థం కొలాజెన్ అనే మాంసకృత్తు. మన నూలు మిల్లులలో మూడు పోగులు పేని దారం చేసినట్లే, మూడు పొడవైన అణుగొలుసులు పెనవేసుకొని కొలాజెన్ ఏర్పడుతుంది. ఇటువంటి గొలుసు పదార్థాలనే పాలిమర్లు అంటారు. ఈ మూడు పేటల నిర్మాణాన్ని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలోని జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా వెల్లడించారు.

పచ్చితోలు నీటిలో సుమారు 60 డిగ్రీల వేడికే ముడుచుకుపోతుంది. నిలువ ఉంచితే కుళ్లుతుంది. గొలుసుల మధ్య అడ్డుకట్లు వేసి దానిని నిలబెట్టడమే తోళ్ల శుద్ధి. మన పెద్దలు తంగేడు చెక్కతో చేసినది ఇదే. క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన తోలు మరిగే నీటికి సైతం తట్టుకొంటుంది. ఈ కట్లు ఎట్లా పడతాయన్నదే నాయుడమ్మ పరిశోధనకు కేంద్రం.

వెంట్రుక కథ వేరు. అది కెరాటిన్ అనే మరొక గొలుసు. గంధకపు కట్లతో గట్టిపడినది. జుట్టు కాలినప్పుడు వచ్చే కంపు ఆ గంధకం వల్లనే. తోలు మీది వెంట్రుకలు ఊడదీయడానికి వాడే సున్నం, సోడియం సల్ఫైడు ఈ కట్లనే తెంచుతాయి. అయితే మన చేతి పైచర్మం కూడా కెరాటినే! పశువు వెంట్రుకను కరిగించే తొట్టి కూలివాని వేళ్లనూ తింటుంది. ఇది పరిశ్రమలో ఎవరూ పట్టించుకోని దుఃఖం. జిల్లేడు వంటి పాలమొక్కల ఎంజైములతో వెంట్రుక ఊడదీసే పద్ధతిని అడయారు సంస్థ 1950లలోనే పరిశీలించింది.

క్రోమియం తెచ్చే చర్మవ్యాధి మరొకటి. ఒకసారి ఒంటికి పడనిదైతే తరచుగా జీవితాంతం వెంటాడుతుంది. ఇది తోళ్ల పనివారికే పరిమితం కాదు. సిమెంటులోనూ క్రోమియం స్వల్పంగా ఉంటుంది. తాపీ పనికి వెళ్లే మనవారి చేతులు పగిలి, దురదపెట్టి, నెలల తరబడి మానకుంటే కారణం అదే కావచ్చు. వట్టి లేపనాలతో కాలం గడపక చర్మవైద్యునికి చూపి, తాను చేసే పని ఏదో చెప్పాలి. యూరోపులో 2005 నుంచి సిమెంటులో ఈ క్రోమియానికి పరిమితి విధించారు.

నాయుడమ్మ 1971 నుంచి 1977 వరకు దేశపు శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా మండలికి అధిపతిగా ఉన్నారు. పచ్చితోళ్లు కాక తయారైన తోలు వస్తువులే విదేశాలకు పోవాలని, కూలి ఇక్కడివారికే దక్కాలని వాదించారు. 1985 జూన్ 23న ఐర్లండు తీరాన బాంబు పేలి కూలిన కనిష్క విమానంలో మరణించిన 329 మందిలో ఆయనా ఒకరు.

ఆ పరిశ్రమ నీటికి చేసిన కీడు చిన్నది కాదు. తమిళనాడు తోళ్ల కర్మాగారాలపై 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, వ్యర్థజలాల శుద్ధిని తప్పనిసరి చేసింది. దిండిగల్లు వాటిలో ఒకటి.

ఇక అదే కొలాజెన్ వైద్యానికీ వచ్చింది. క్రోమియం తగలని శుద్ధ కొలాజెన్‌ను పలుచని పొరగా తీసి కాలిన గాయాలపై కప్పే విధానాన్ని అడయారు శాస్త్రవేత్తలు రూపొందించారు. కట్లు లేని గొలుసు కనుక శరీరం దానిని మెల్లగా తనలో కలుపుకొంటుంది. కొత్త కణాలు దానిని పట్టుకొని పాకి గాయాన్ని పూడుస్తాయి.