యంత్రశాస్త్రము నభ్యసించు బాలికలు

మెకానికల్ ఇంజనీరింగని పిలువబడు యంత్రశాస్త్రము ఆడుపిల్లలకు తగదను మాట మన యిండ్లలో నిప్పటికిని వినవచ్చుచునే యున్నది. కంప్యూటరు చదువునకు సరే యను తల్లిదండ్రులే కుమార్తె మెకానికల్ శాఖ కోరినచో మోము చిట్లింతురు. "ఆ యినుము, ఆ మసి నీకేల తల్లీ" యందురు. ఆ మాటలోని జాలి నిజమైనదే. అందలి విషయజ్ఞానము మాత్రము స్వల్పము. కావున నీ చదువనగా నేమో సోదరీమణులకు కొంత విన్నవింప దలచితిమి.

యంత్రవిద్య మనకు వింత కాదు. భోజరాజు పేర వెలసిన సమరాంగణసూత్రధారమున యంత్రములకై యొక యధ్యాయమే కలదు. అంతదూర మేల? కుట్టుయంత్రమును త్రొక్కునపుడు పాదము ముందువెనుకల కూగును. ఆ యూపు క్రింది పెద్దచక్రమును త్రిప్పును. తోలుపట్టాచే పైచక్రము తిరుగును. ఆ తిరుగుడు మరల సూదియొక్క యెగుడుదిగుడుగా మారును. ఊపును తిరుగుడుగను, తిరుగుడును ఊపుగను మార్చు నేర్పే యీ శాస్త్రమున తొలిపాఠములలో నొకటి. మూత బిగించిన ప్రెషరు కుక్కరులో ఆవిరి యొత్తిడి పెరుగుటచే నీరు 100 డిగ్రీలకు గాక యించుమించు 120 డిగ్రీలకు మరుగును. పప్పు త్వరగా నుడుకుటకు కారణ మదియే. వేడికిని పనికిని గల సంబంధమును లెక్కలతో పట్టుకొనునది ఉష్ణగతిశాస్త్రము. 1824లో సాది కార్నో యను ఫ్రెంచి యువకుడు ప్రకటించిన చిన్న పుస్తకము దానికి పునాది వేసినది.

ఇక కర్మశాల. మొదటి సంవత్సరముననే వడ్రంగము, కమ్మరము, పోతపని, ఆకురాయిపని చేయింతురు. ఇనుపముక్కను బిగించి, ఆకురాతితో రాచి, మూలమట్టము నానించి వెలుతురున కెత్తి చూడవలెను. సందున వెలుగు కనబడెనా, మరల రాయవలెను. గంటలకొలది యిదే పని. ఇందు కావలసినది కండబలముకంటె నోర్పు. అరిసెలపాకమును కనిపెట్టుకొని యుండగల చేతులకు దీనిని క్రొత్తగా నేర్పవలెనా?

ఈ చదువును చదివిన స్త్రీలలో ఇలా మజుందారు కథ యెన్నదగినది. ఈమె 1930లో తూర్పువంగమున జన్మించెను. 1947లో, కలకత్తాకు ఎదుట హుగ్లీనది యొడ్డున నున్న శివపురపు బెంగాల్ ఇంజనీరింగు కళాశాలలో ప్రవేశించెను. సివిలు శాఖలో ఆరుబయట తిరిగి శ్రమపడవలసి యుండునని పెద్దలు వారింపగా మెకానికల్ శాఖను గైకొనెను. ఎండ తగదట గాని కొలిమి తగునట! ఆ తర్కము మాకు బోధపడలేదు. తోడుగా చేరిన బాలిక నడుమ మానివేయగా, ఇలా యొక్కతెయే మగపిల్లల నడుమ నిలిచి 1951లో పట్టము నందెను. పిమ్మట గ్లాస్గో నగరమున శిక్షణ పొంది, డెహ్రాడూను ఆయుధకర్మాగారమున పనిచేసెను. అనంతరము కలకత్తాలో స్త్రీల పాలిటెక్నిక్కునకు మొదటి ప్రిన్సిపాలయ్యెను. 1985లో ఢాకాకేగి యచటను అట్టి విద్యాలయమును నెలకొల్పుటకు పూనుకొనెను. 2019లో దివంగతురాలయ్యెను.

మన తెలుగింటి యాడబడుచు అయ్యలసోమయాజుల లలిత యంతకు మున్నే దారి తీసినది. ఆమె చదివినది విద్యుచ్ఛాఖయైనను కష్ట మొక్కటియే. 1937లో, పదునెనిమిదవయేట, భర్తను గోల్పోయి, చంటిబిడ్డతో నిలిచెను. తండ్రి యండతో 1940లో చెన్నపట్టణమున గిండీ కళాశాలలో చేరి చదువు ముగించి, జమాల్పూరు రైలు కర్మశాలలో పని నేర్చుకొనెను. యోగ్యతాపత్రములలో "అతడు" అనియే యచ్చుపడి యుండగా దానిని కొట్టివేసి "ఆమె" యని వ్రాయవలసివచ్చెనట. కళాశాలవారు అచ్చు వేయించునాటికి స్త్రీ యొకతె వచ్చునని యెవరును తలపలేదు.

మావా రుపాధ్యాయులగుటచే పరీక్షాఫలితములు వెలువడు దినములలో తల్లులు మా యింటికి వత్తురు. ఈ నడుమ నొక బాలికకు కోరిన మెకానికల్ శాఖలోనే సీటు వచ్చినది. మేనమామలు వలదనిరి. ఉద్యోగము దొరకునా యని వారడుగుట తప్పు కాదు. కర్మాగారములలో రాత్రివంతు లుండుట నిజమే. కాని పిల్ల చేతులలో బలమున్నదా యని సందేహించుటకంటె, వసతిగృహము కర్మశాల కెంత దూరము, ఆడుపిల్లలచేత యంత్రముపై పని చేయింతురా లేక గోడప్రక్కన నిలువబెట్టి చూడుమందురా, పట్టము పొందినవారి నే సంస్థలు చేర్చుకొన్నవి యని విచారింపుడని మేము చెప్పితిమి. తల్లి యా ప్రశ్నలను కాగితముపై వ్రాసికొని తానే కళాశాలకు పోయి యడిగి వచ్చినది.

చేరుట నిశ్చయమైన పిదప మరియొక చిక్కు. లేత్ యంత్రము గిరగిర తిరుగుచుండగా పైట, జడ, గాజు, ఉంగరము ఏది చిక్కినను ప్రమాదము. జడను ముడివేసి టోపీలో దాచవలెను, కాలివ్రేళ్లను గప్పు జోళ్లు తొడుగవలెను, చేతులకేమియు నుండరాదు. వట్టిచేతులని విని నాయనమ్మగారు కన్నీరు పెట్టుకొనిరి. పని ముగిసిన వెంటనే తొడుగుకొనుటకై ఆమెయే చిన్న పట్టుసంచి కుట్టి, అందు రెండు జతల మట్టిగాజులుంచి మనుమరాలి పెట్టెలో పెట్టిరి.