ఆదివారమున రేడియో

బాలబాలికలారా, ఆరుదినములు పాఠములతోను పనులతోను గడపి యేడవదినమున విశ్రమించుట మనకు నియమము. ఆ దినమున గుడికి పోవుదుము. ఇంటికి వచ్చి భుజింతుము. పిదప మధ్యాహ్నమంతయు మిగులును. ఆ మిగిలిన గడియలలో ఇంటిలోనికి ఏ ధ్వనిని రానీయవచ్చును? సంగీతమునా, నాటకమునా, హాస్యమునా, ప్రార్థనను మాత్రమేనా? నేడు ప్రతివారి చేతిలోను ఒక యంత్రముండుటచేత ఈ ప్రశ్నకు ఎవరికి వారే జవాబు చెప్పుకొనుచున్నారు. కాని నూరేండ్ల క్రిందట రేడియో క్రొత్తగా వచ్చినప్పుడు, ఇంగ్లండు దేశమంతటికిని ఒకే కార్యాలయములోని కొందరు పెద్దలు జవాబు చెప్పవలసి వచ్చెను. వారేమి చెప్పిరో, వినువారు దాని నెట్లు త్రోసివేసిరో తెలిసికొనదగినది.

దేవాలయమునుండి ఆరాధన మొట్టమొదట రేడియోలో వినబడినది అమెరికాలోని పిట్స్‌బర్గు పట్టణముననని సామాన్యముగా చెప్పుదురు. అచ్చటి కె.డి.కె.ఎ. అను ప్రసారకేంద్రము 1920 నవంబరు 2వ తేదీని పని నారంభించెను. రెండు నెలలు గడచినంతనే, 1921 జనవరి 2వ తేది ఆదివారము సాయంకాలము, కాల్వరీ ఎపిస్కోపలు దేవాలయములోని ఆరాధన ప్రసారమయ్యెను. కేంద్రమును నడపు వెస్టింగ్‌హౌసు కంపెనీ ఇంజనీరొకడు ఆ గుడి గాయకబృందములో పాడువాడగుటచే ఏర్పాటు సులువయ్యెను. ప్రధానగురువునకు దీనియందు అంతగా నమ్మకము లేక ప్రసంగమును తన సహాయకునికి అప్పగించెనట. యంత్రములను చూచుకొనుటకు వచ్చిన ఇద్దరిలో ఒకడు యూదుడు, ఒకడు కాథలిక్కు. సభవారి దృష్టి చెదరకుండుటకై వారికిని గాయకుల నిలువుటంగీలు తొడిగి కూర్చుండబెట్టిరి!

ఇచ్చట విజ్ఞానశాస్త్రపు తరగతివారికొక లెక్క. ధ్వని గాలిలో సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును. గుడిలో గురువునకు 34 మీటర్ల దూరమున వెనుకబెంచీపై కూర్చున్నవానికి ఆయన మాట చేరుటకు సెకనులో పదవవంతు పట్టును. రేడియో తరంగమో, సెకనునకు 3 లక్షల కిలోమీటర్లు పోవును. అదే పదవవంతులో 30 వేల కిలోమీటర్లు దాటును. కావున మైక్రోఫోను గురువు నోటియెదుట నున్నయెడల, వందమైళ్ల దూరమున మంచముపై పరుండి రేడియో వినుచున్న రోగి, ఆ వెనుకబెంచీవానికంటె ముందుగా ఆ మాటను వినును. గుడినుండి కేంద్రమునకు మాటను కొనిపోవు టెలిఫోను తీగెలో కొంచె మాలస్యమైనను ఈ లెక్క తారుమారు కాదు. నేటి డిజిటలు ప్రసారములలో మాత్రము ధ్వనిని అంకెలుగా మార్చి మరల విప్పుటకు కాలము పట్టుచున్నది గనుక ఇప్పుడు వెనుకబెంచీవాడే గెలుచును.

గుడిలో మరియొక చిక్కు కలదు. రాతిగోడలను తాకి ధ్వని మరల మరల తిరిగివచ్చును. కీర్తనకు అది అందము. మాటకు అది చేటు. గుడిలో కూర్చున్న మనకు రెండు చెవులుండుటచేత మాట యే దిక్కునుండి వచ్చుచున్నదో గ్రహించి, ప్రతిధ్వనిని కొంత విడచిపెట్టగలము. ఒంటి మైక్రోఫోనున కా తెలివి లేదు. వచ్చినదంతయు కలిపి పంపును. అందుచేత ప్రసంగవేదికకొకటి, గాయకులకొకటి, ఆర్గానునకొకటి వేరువేరుగా నుంచి, ఏది యెప్పుడు హెచ్చవలెనో యెప్పుడు తగ్గవలెనో చేతితో త్రిప్పుచు ఒక మనుష్యుడు కూర్చుండవలెను. ఆరాధనక్రమము ఆ మనుష్యునికి కంఠస్థము కాకున్న 'ఆమేన్' సగమే వినబడును.

ఇక ఇంగ్లండు సంగతి. లండనులో 1922 నవంబరు 14న బ్రిటిషు బ్రాడ్‌కాస్టింగు కంపెనీ ప్రసారములు మొదలైనవి. ఆ యేటి చివరనే దానికి మేనేజరుగా వచ్చిన జాన్ రీతు స్కాట్లండు పాదిరి కుమారుడు. ఆరున్నర అడుగుల పొడవు. పట్టుదల అంతకంటె హెచ్చు. రేడియో వినోదమునకే కాదు, జనుల బుద్ధిని మనస్సును పెంచుట కేర్పడినదని ఆయన నమ్మకము. కాని గుడులవారే మొదట జంకిరి. 1923 ఏప్రిలు 26న యార్కు ప్రభువు వివాహము వెస్టుమినిస్టరు ఆబీలో జరిగినప్పుడు దానిని ప్రసారము చేయుటకు ఆబీ పెద్దలు ఒప్పుకొనలేదు. సారాదుకాణములలో టోపీలు తీయకయే జనులు ఆ కార్యమును విందురేమోయని వారి భయమని చెప్పుదురు. ఆ పెండ్లికుమారుడే ఆరవ జార్జి రాజై 1937 మే 12న అదే ఆబీలో కిరీటము ధరించినప్పుడు ఆ యుత్సవము లోకమంతట వినబడెను.

మొదట తలుపు తెరచినవాడు ట్రఫాల్గరు చౌకునొద్దనున్న సెయింటు మార్టిను దేవాలయపు గురువగు డిక్ షెపర్డు. 1924 జనవరి 6వ తేది ఆదివారమున అచ్చటి ఆరాధన ప్రసారమయ్యెను. ఆయన ఉపన్యాసకునివలె గాక ఇరుగుపొరుగువానివలె మాటలాడెడివాడు. రేడియోకు కావలసినది అదియే. గుడిలో ఐదువందలమంది యెదుట గొంతెత్తి చెప్పు మాట, గదిలో ఒంటిగా కూర్చున్నవాని చెవికి కేకవలె తోచును. రేడియోలో వినువారు లక్షలమందియైనను ప్రతివాడును ఒక్కడే. ఈ సంగతిని తొందరగా గ్రహించిన గురువులు మంచి ప్రసారకులైరి.

'ఇంట కుర్చీలో కూర్చుండి ప్రసంగము వినగలిగినవాడు ఇక గుడికేల వచ్చును?' అని పలువురు పాదిరులు బెంగపడిరి. ఈ బెంగను నవ్వి త్రోసివేయరాదు. అందులకే ప్రసారకులు గుడివేళలకు అడ్డురాకుండునట్లు తమ ఆరాధనను రాత్రి ఆలస్యముగా నుంచిరి. కాని రేడియో ఆరాధనను ఎక్కువ ఆశతో వినినవారు గుడికి రానొల్లనివారు కారు, రాలేనివారు. గ్రుడ్డివారు, ముసలివారు, క్షయరోగముతో ఆసుపత్రులలో నెలలకొలది పడియున్నవారు, సముద్రతీరపు దీపస్తంభములలో కాపుండువారు. మన ఊళ్లలోను గుడిగంట వినుచు మంచము దిగలేని పెద్ద లెందరు లేరు? అట్టివారికొరకు ప్రతిదినమును ఒక చిన్న ప్రార్థన కావలెనని ఒక ఆంగ్లస్త్రీ మరల మరల జాబులు వ్రాసి, వేలకొలది సంతకములను ప్రోగుచేసి పంపెను. దాని ఫలముగా 1928 జనవరి 2వ తేదీని ఉదయపు దినప్రార్థన మొదలయ్యెను. పదవిగాని ధనముగాని ఆమె చేతి ఆయుధములు కావు. కలము, కాగితము, ఓపిక మాత్రమే.

ఇంతవరకు మేలు. అయితే రీతుగారు అంతటితో నిలువలేదు. ఆదివారమున నృత్యసంగీతము కూడదు, హాస్యము కూడదు. ఉదయమునను మధ్యాహ్నమున కొంతసేపును నిశ్శబ్దము. పిదప గంభీరమగు సంగీతము, ఉపన్యాసములు, ఘనమైన నాటకములు, ఆరాధన. వారమంతయు గనిలోను మిల్లులోను శ్రమించి, ఏటికి పది షిల్లింగుల లైసెన్సు చెల్లించి, ఒక్కదినము మాత్రమే తీరికగా కూర్చుండగలిగిన కుటుంబమునకు ఇది యెట్లు రుచించునో ఊహింపుడు. వారు తిరుగుబాటు చేయలేదు, ముల్లును త్రిప్పిరి. 1931 నుండి ఫ్రాన్సు తీరమందలి రేడియో నార్మండీయు, 1933 నుండి రేడియో లక్సెంబర్గును ఇంగ్లీషుభాషలో పాటలను, హాస్యమును, వాటి నడుమ సబ్బుల ప్రకటనలను పంపుచుండెను. ఆదివారము సాయంకాలమున ఓవల్టీను పానీయమువారు పిల్లలకొరకు నడపిన కార్యక్రమమునకు ఇంగ్లండంతట బాలబాలికలు చెవులప్పగించి కూర్చుండిరి. ప్రార్థనాదినమును కాపాడుటకై కట్టిన గోడ, జనులను వ్యాపారప్రకటనల చేతికి అప్పగించినది. రీతుగారి యుద్దేశము గొప్పదేయని నా యభిప్రాయము. బాఖు, షేక్స్పియరువంటి వారి కృతులను పేదవాని గుడిసెకు పంపవలెనను పట్టు సామాన్యమైనది కాదు. కాని వడ్డించుట వేరు, నోటిలో కూరుట వేరు.

ఆయన 1938లో ఆ యుద్యోగమును విడచెను. మరుసటియేడు యుద్ధము వచ్చెను; లక్సెంబర్గు కేంద్రము మూతపడెను. ఫ్రాన్సులో శిబిరములయందున్న సైనికులకు ఆదివారపు గంభీరసంగీతముతో ప్రొద్దుపోలేదు. 1940 జనవరిలో వారికొరకు తేలికపాటి కార్యక్రమములతో వేరొక ప్రసారము ప్రారంభింపబడెను. సైనికుని తల్లియు చెల్లెలును ఇంటియొద్ద అదియే వినసాగిరి. పాత ఆదివారము మరల రాలేదు.

నాటకముల విషయము వినోదకరము. రంగస్థలనాటకమునే మైక్రోఫోను ముందు చదివిన చాలునని తొలుత అందరును అనుకొనిరి. 1924 జనవరి 15న రిచర్డు హ్యూసు వ్రాసిన 'డేంజర్' ప్రసారమయ్యెను. కేవలము రేడియోకొరకే వ్రాసిన నాటకములలో అది బ్రిటనులో మొదటిది. కథాస్థలము వేల్సులోని బొగ్గుగని, దీపములారిపోవును, లోపలివారికి ఒకరి కొకరు కానరారు. వినువారు కూడ దీపములార్పి వినవలసినదని ముందుగా చెప్పబడెను. చూపులేమి రేడియోకు లోపమని తలచుచుండగా, హ్యూసు దానినే కథగా మార్చెను. 1943 ఏప్రిలులో శనివారపురాత్రి నాటకశాల యను కార్యక్రమము మొదలై అర్ధశతాబ్దమునకు పైగా నడచెను.

నాటకమును ఆరాధనాదినమును కలిసి పెద్ద గాలివాన లేపినది డరోతీ సేయర్సు వ్రాసిన పండ్రెండు నాటకముల మాల. క్రీస్తుజీవితమును గూర్చిన ఈ నాటకములు, 1941 డిసెంబరు 21 మొదలు 1942 అక్టోబరు వరకు, ఆదివారములలో బాలుర కార్యక్రమమున వెలువడెను. ఆ దినములలో క్రీస్తు పాత్రను రంగస్థలమున చూపుటకు అచ్చట అనుమతి లేదు. రేడియోకు ఆ యడ్డు లేదు. అంతకుమించి, శిష్యులు ప్రాచీన బైబిలుభాషలో గాక వీధిలోని మనుష్యులవలె మాటలాడిరి. సుంకరి మత్తయి లండను బజారు మాటలాడుట విని కొందరు చెవులు మూసికొనిరి. విశ్రాంతిదిన సంరక్షకసంఘమువారు నిరసనపత్రములు పంపిరి; పార్లమెంటులో ప్రశ్నలు పుట్టెను. 1942 ఫిబ్రవరిలో సింగపూరు శత్రువుల వశమైనది ఈ నాటకముల పాపమేయని వాదించినవారు కూడ నుండిరి! ప్రసారకులు వెనుకకు తగ్గలేదు. క్రీస్తు పాత్రధారి రాబర్టు స్పెయిటు గొంతును వినినవారిలో, గాజుకిటికీలలోని బొమ్మలుగా తోచిన శిష్యులు తొలిసారి మనుష్యులుగా కనబడిరని వ్రాసినవారు పెక్కుమంది. గ్రాంథికమున వ్రాయుచున్న నేను ఆమె వాడుకభాషను మెచ్చుకొనుట చూచి పైతరగతి బాలురు నవ్వుకొందురని యెరుగుదును. గలిలయలోని జాలరులు వ్యాకరణము చదివియుండలేదు గదా.

సంగీతమునకు రేడియో చేసిన మేలును రెండు ఉదాహరణములతో చెప్పెదను. కేంబ్రిడ్జిలోని కింగ్సు కళాశాల ఆలయమున క్రిస్మసు ముందటిదినమున తొమ్మిది వాక్యపఠనములతోను కీర్తనలతోను జరుగు ఆరాధన 1918లో, యుద్ధమునుండి తిరిగివచ్చిన గురువు ఎరిక్ మిల్నరు-వైటుచే ఏర్పడినది. 1928లో తొలుత ప్రసారమై, 1930 తప్ప ఏటేట వినబడుచున్నది. తుది గడియవరకు యే బాలుడు మొదటి చరణమును ఒంటిగా పాడునో బాలురకే తెలియదు. నాయకుడు చేయి చూపినవాడు పాడవలెను. అమెరికాలో మేరియను ఆండర్సను అను నల్లజాతి గాయనికి, వాషింగ్టనులోని ఒక గొప్ప సభాభవనము ఆమె రంగును బట్టి నిరాకరింపబడగా, 1939 ఏప్రిలు 9న పునరుత్థానపు ఆదివారమున ఆమె లింకను స్మారకమందిరపు మెట్లపై నిలిచి పాడెను. ఎదుట 75 వేలమంది, రేడియోయొద్ద లక్షలమంది. భవనపు తలుపు మూయవచ్చును గాని గాలికి తలుపు లేదు.

మన తెలుగువారికి ఈ వసతి కొంత ఆలస్యముగా దొరకెను. మదరాసు కేంద్రము 1938 జూను 16న, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైనవి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా తెలుగుపిల్లలకు బంధువులైరి. హిందూమహాసముద్రమందలి సేషెల్సు దీవులనుండి 1970 మొదలు 2003 వరకు ఫెబా రేడియో పొట్టితరంగములపై క్రైస్తవ ప్రసారములను మన దేశమునకు పంపెను.

2020 మార్చిలో కరోనా జాడ్యముచే గుడులు మూతపడినప్పుడు పాత ప్రశ్నలన్నియు మరల లేచెను. మార్చి 22వ తేది ఆదివారమున కాంటర్బరీ ఆర్చిబిషప్పు జస్టిన్ వెల్బీ నడపిన ఆరాధన 39 బి.బి.సి. స్థానిక కేంద్రములనుండి వినబడెను. ఏప్రిలు 12న ఈస్టరు ఆరాధనను ఆయన తన యింటి వంటగదినుండి నడిపెను. అప్పటివరకు రేడియోలు రాలేనివారికనుకొన్న మన మందరమును ఒక్కసారిగా రాలేనివారమైతిమి. కీర్తన, వాక్యము, ప్రార్థన తరంగముపై వచ్చినవి. రొట్టెయు పాత్రయు రాలేదు. కొన్ని సంఘములవారు ఎవరి బల్లపై వారే రొట్టె నుంచుకొని పాలుపొందవచ్చుననిరి. కొన్ని సంఘములవారు గుడి తెరచువరకు వేచియుండవలెననిరి. ఆ చర్చ నేటికిని తెగలేదు.