జీతం సరే... ఎవరి మాట వినాలో అడిగారా?

ఇంటర్వ్యూకు వెళ్లేముందు జీతమెంత, పోస్టింగ్ ఎక్కడ అని ఆరా తీస్తాం. అక్కడ పని ఎలా పంచుతారు, ఎవరి మాట చెల్లుతుంది అన్నది మాత్రం చేరిన నెలకుగానీ తట్టదు. ఈ ప్రశ్నలను పట్టుకున్న సబ్జెక్టే ఆర్గనైజేషన్ థియరీ. ఎంబీఏలోనే కాదు, సివిల్స్‌లో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఆప్షనల్ తీసుకున్నా చదవాల్సిందే. పేర్లు, సంవత్సరాలు బట్టీ కొడితే రెండ్రోజుల్లో మర్చిపోతారు. హుజూరాబాద్ వాళ్లకైతే మంచి ఉదాహరణ దగ్గర్లోనే ఉంది... ముల్కనూర్.

1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి చొరవతో అక్కడ సహకార గ్రామీణ బ్యాంకు మొదలైంది. పేరుకు బ్యాంకే గానీ అప్పు, విత్తనాలు, ఎరువులు, పంట అమ్మకం అన్నీ ఒకే గొడుగు కింద ఉంటాయి.

ఇలాంటి ఏ సహకార సంఘంలోనైనా ఓ చిక్కుంది. అప్పు కోసం కౌంటర్ ముందు నిలబడ్డ రైతు ఖాతాదారే కాదు, ఓనర్ కూడా! మరి లోపల కూర్చున్న గుమాస్తా ఆ రైతు మాట వినాలా, మేనేజర్ మాట వినాలా? ఒక ఉద్యోగికి ఒక్కరే ఆదేశాలివ్వాలని ఫ్రాన్స్ గనుల ఇంజినీర్ హెన్రీ ఫయోల్ 1916లోనే చెప్పాడు. సభ్యులు ఓటేసి పాలకవర్గాన్ని ఎన్నుకుంటారు. పాలకవర్గం మేనేజర్‌కు, మేనేజర్ సిబ్బందికి చెబుతారు. అంటే రైతు మాట చుట్టూ తిరిగి గుమాస్తాకు చేరుతుందన్నమాట. అడిగింది డైరెక్టర్ బామ్మర్దే అయినా రూల్ మారకూడదు. మాక్స్ వెబర్ చెప్పిన బ్యూరోక్రసీ సారం ఇదే. మనం ఆ మాటను తిట్టులా వాడేస్తున్నాం గానీ, మొహం చూసి పనిచేయొద్దన్నదే ఆయన లెక్క.

ముల్కనూర్‌లోనే 2000లో మహిళా డెయిరీ వచ్చింది. 'స్వకృషి' పాలు వీళ్లవే. సభ్యులంతా మహిళలే. పాల సేకరణ ఏ ఊరికి ఆ ఊరి సంఘంలో, ప్యాకింగ్ మాత్రం ఒకేచోట. వడ్లు నాలుగు రోజులు ఆగుతాయి, పాలు ఆగవు కదా! పూటపూటా చూసుకోవాల్సిన పని ఊళ్లోనే ఉండాలి, ఖరీదైన యంత్రం అందరికీ కలిపి ఒకటి చాలు. పని స్వభావాన్ని బట్టే సంస్థ నిర్మాణం ఉంటుందని జోన్ వుడ్‌వర్డ్ 1950ల్లో ఇంగ్లండ్ ఫ్యాక్టరీలు తిరిగి తేల్చిందీ ఇలాంటిదే.

ఇంటర్వ్యూ చివర్లో 'మీరేమైనా అడుగుతారా?' అంటారు. 'నేనెవరికి రిపోర్ట్ చేయాలి? ఇద్దరు చెరో మాట చెబితే ఎవరిది వినాలి?' అని అడగండి. వాళ్లే తడబడితే, ఆఫర్ లెటర్ మీద సంతకానికి ఒకరోజు ఆగండి.