ఫ్యాన్ మొత్తుకుంటె బోర్డు మార్చుడేంది?

ల్యాప్‌టాప్ ఫ్యాన్ బొర్రుమని మోగుడు షురువైతే చాలు, ఫ్యాన్ ఖరాబైందని అనుకుంటరు జనం. ఖరాబైన ఫ్యాన్ అయితె తిరగనే తిరగదు, లేకుంటె గరగర అంటది. ఆగకుంట జోరుగ తిరుగుతుందంటె దాని డ్యూటీ అది చేస్తున్నట్టే లెక్క. లోపల నిజంగనే వేడున్నది, లేకుంటె వేడున్నదని దానికి తప్పుడు కబురు పోతున్నది. ఈ రెండిట్ల ఏదో తెల్వకుంట దుకాణానికి పోతె జేబుకు బొక్కే.

మా బస్తీల ఆటో నడిపే ఒకాయన బిడ్డ డిగ్రీ సదువుతుంది. చిట్టీ ఎత్తి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనిచ్చిండు. ఫ్యాన్ ఆగుతలేదని తీస్కపోతె, దుకాణపాయన తెరిచి సూడకుంటనే 'బోర్డు పోయింది, తొమ్మిది వేలైతది' అన్నడట. పరీక్షలు పది దినాలల్ల ఉన్నయి. చిట్టీ పైసలు ఇంక కడుతనే ఉన్నరు.

నా దగ్గరికి తెస్తె, నేను స్క్రూడ్రైవర్ కంటె ముందు గాలి బయటికొచ్చే జాలీ కాడ చెయ్యి పెట్టి సూసిన. ఇది ఎవ్వలైనా చెయ్యొచ్చు. ప్రాసెసర్ వేడిని ఒక రాగి గొట్టం మోసుకపోయి సన్నటి రేకులకు అందిస్తది. ఫ్యాన్ కింది నుంచి గాలి గుంజి ఆ రేకుల సందుల్లకెళ్లి బయటికి తోస్తది. అంటె బయటికొచ్చే గాలే లోపలి సంగతి చెప్తది.

వేడిగాలి జోరుగ వస్తుందా? అయితె ఫ్యాన్, రేకులు మంచిగనే ఉన్నయి, ప్రాసెసర్‌తోని ఎవరో గొడ్డుచాకిరీ చేపిస్తున్నరు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు బటన్లు ఒక్కపారి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తది. సీపీయూ అనే వరుస మీద నొక్కితే ఎక్కువ తినేటియి పైకొస్తయి. బ్రౌజర్ల నలభై ట్యాబులు కావొచ్చు, వైరస్ స్కాన్ కావొచ్చు, విండోస్ అప్‌డేట్ కావొచ్చు. అప్‌డేట్ అయితె కొంతసేపు ఇడిసిపెట్టుండ్రి, అదే సల్లవడతది. పేరు తెల్వని ప్రోగ్రాం ఏదన్న గంటలకొద్ది సీపీయూను తింటనే ఉంటె మాత్రం అనుమానపడాలె.

ఫ్యాన్ గంత మోగినా గాలి సన్నగ, కాకగ వస్తుందంటె దుమ్మే. ఆ బిడ్డ ల్యాప్‌టాప్‌ల గదే సంగతి. తెరిస్తే ఫ్యాన్‌కు రేకులకు నడుమ దుమ్ము పాత బొంతల దూదిలెక్క అట్టగట్టి ఉన్నది. బోర్డుకు ఏం కాలె. పాత మిషన్లల్ల ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ గుడ ఎండిపోతది, అది గుడ తుడిచి కొత్తది పెట్టినం.

ఇంట్ల సాఫ్ చేసుకునేటోళ్లు పవర్ బంద్ చేసి, చార్జర్ తీసి, మూత తెరువంగనే బ్యాటరీ వైరు ఊడబీకాలె. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను పుల్లతోని ఆపి పట్టాలె. గాలికి అది మస్తు స్పీడుగ తిరిగితే బేరింగ్ పోతది. చెయ్యి తిరగనోళ్లు తెరవకుంటనే మంచిది, సాఫ్ చేపిచ్చుడు పెద్ద ఖర్చేం గాదు.

ఇగ మూడోది. పొద్దుగాల సల్లటి మిషన్ ఆన్ చేసినంక గాలి సల్లగనే వస్తున్నా ఫ్యాన్ ఆగుతలేదంటె, సెట్టింగో సెన్సరో సూడాలె. కొన్ని హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లకు బయోస్‌ల 'ఫ్యాన్ ఆల్వేస్ ఆన్' అని ఒకటుంటది. అది ఆన్ ఉంటె చార్జర్ పెట్టినంతసేపు ఫ్యాన్ మెల్లగ తిరుగుతనే ఉంటది, రోగమేం గాదు. అది బంద్ చేసుకోవచ్చు. ఫ్యాన్ ఫుల్ స్పీడ్ల ఉంటె మాత్రం, షట్‌డౌన్ చేసి చార్జర్ తీసి పవర్ బటన్ అర నిమిషం ఒత్తి పట్టుండ్రి. చానా మిషన్లల్ల ఫ్యాన్‌ను నడిపే చిన్న చిప్ దీనితోని రీసెట్ అయితది. అట్లైనా తగ్గకుంటెనే మెకానిక్ పని.

సప్పుడు భరించలేక ఫ్యాన్ ఆపే సాఫ్ట్‌వేర్లు ఎక్కించుకునేటోళ్లున్నరు. అది వద్దు. ప్రాసెసర్ 100 డిగ్రీల చుట్టుముట్టు పోంగనే స్పీడ్ తగ్గించుకుంటది, ఇంక ముదిరితే మిషన్ తనంతట తనే బంద్ అయితది. రాసుకున్న ప్రాజెక్టు సేవ్ కాకుంటనే పోతది. పరుపు మీద పెట్టి వాడినా కింది జాలీ మూసుకపోయి ఇదే కథ. ఎండకాలం రామగుండంల, కొత్తగూడెంల రేకుల ఇండ్లల్ల గది గాలే 40 డిగ్రీలుంటె, ఫ్యాన్ దానికంటె సల్లగ చెయ్యలేదు. అప్పుడు కొంత మోత ఓర్సుకోవాలె.

రిపేరోళ్లందరు మోసగాళ్లని నేననను. చానామంది నిజాయితీగనే చేస్తరు. గని బోర్డు అన్న మాట ఇనంగనే పైసలు తీయకుండ్రి. 'అన్నా, నా ముంగటనే తెరువు, రేకులు సూపియ్యి' అని అడుగుండ్రి. ఎనకాముందాడితే మిషన్ వాపస్ తీస్కొని ఇంకో దుకాణానికి పోండ్రి.