ఎనిమిది ఓట్ల మీద ఒక కలం

చండీగఢ్ మేయర్ ఎన్నిక ఫలితం ఓటింగ్‌కు ముందే ఊరందరికీ తెలుసు. నగరపాలక సంస్థలో ఎన్నికైన కౌన్సిలర్లు 35 మంది, ఓటు హక్కున్న ఎంపీ ఒకరు. మొత్తం 36 ఓట్లు. 2024 జనవరి నాటికి ఆమ్ ఆద్మీ పార్టీకి 13 మంది, కాంగ్రెస్‌కు ఏడుగురు ఉన్నారు. రెండు పార్టీలూ చేతులు కలిపాయి కాబట్టి 20. బీజేపీకి 14 మంది కౌన్సిలర్లు, ఎంపీ కిరణ్ ఖేర్ ఓటు, అకాలీదళ్ సభ్యుడి మద్దతు కలిపితే 16. ఎవరైనా గోడ దూకితే తప్ప ఈ లెక్క మారదు. జనవరి 30న ఎవరూ గోడ దూకలేదు. అయినా ఫలితం తలకిందులైంది. బీజేపీ అభ్యర్థి మనోజ్ సోన్కర్‌కు 16, ఆప్ అభ్యర్థి కులదీప్ కుమార్‌కు 12, చెల్లనివి 8 అని ప్రిసైడింగ్ అధికారి ప్రకటించారు. సోన్కర్ వెళ్లి మేయర్ కుర్చీలో కూర్చున్నారు.

చెల్లని ఎనిమిదీ ఇరవైలోంచే పోయాయి. పదహారులో ఒక్కటీ పోలేదు. ఓటు వేసినవాళ్లు కౌన్సిలర్లు. వార్డుల్లో గెలిచి వచ్చినవాళ్లు, బ్యాలెట్ పత్రం మీద ముద్ర ఎక్కడ వేయాలో ఎదుటివాళ్లకు చెప్పగలిగినవాళ్లు. వాళ్లలో ఎనిమిది మంది ఒకేరోజు, ఒకే గదిలో, ఒకే పక్షం నుంచి ఓటు వేయడం మరిచిపోయారంటే నమ్మడం కష్టం. నమ్మనవసరం లేదని చెప్పడానికి బల్లకు ఎదురుగా పైన ఒక కెమెరా ఉంది.

ఆ కెమెరాలో కనిపించింది దేశమంతా చూసింది. ప్రిసైడింగ్ అధికారి అనిల్ మసీహ్ ముందు బ్యాలెట్ పత్రాలున్నాయి. ఆయన చేతిలో కలం ఉంది. కొన్ని పత్రాల మీద ఆయన ఏదో గీస్తున్నారు, మధ్యమధ్యలో తలెత్తి కెమెరా వైపు చూస్తున్నారు. అభ్యర్థుల ఏజెంట్లు ఆ బల్ల దగ్గర లేరు. చెల్లదంటున్న పత్రాన్ని ఎవరికీ చూపించలేదు, ఎందుకు చెల్లదో చెప్పలేదు. అంకెలు చదివారు, అంతే.

ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారు?

చండీగఢ్‌లో మేయర్ పదవీకాలం ఏడాదే. 2025 వరకు ఏటా జనవరిలో కౌన్సిలర్లు రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకునేవారు. ఎన్నిక నడిపించే ప్రిసైడింగ్ అధికారి, పోటీలో లేని ఒక కౌన్సిలర్. నగరపాలక సంస్థలో ఓటు హక్కు లేని తొమ్మిది మంది నామినేటెడ్ సభ్యులుంటారు, వాళ్లలో ఒకరు మసీహ్. బీజేపీ మైనారిటీ విభాగంలో పనిచేసిన వ్యక్తి. పోటీలో ఉన్న పార్టీ మనిషే తీర్పరి అయ్యే వీలు నిబంధనల్లోనే ఉందన్నమాట. ఈ ఒక్క సంగతి మీద జరగాల్సినంత చర్చ జరగలేదని నాకు అనిపిస్తుంది. వ్యక్తిని తిట్టడం తేలిక. వ్యక్తిని అక్కడ కూర్చోబెట్టిన ఏర్పాటును మార్చడమే కష్టం.

అసలు ఆ ఎన్నిక జనవరి 18న జరగాలి. ప్రిసైడింగ్ అధికారికి ఒంట్లో బాగోలేదన్నారు, ఎన్నికను ఫిబ్రవరి 6కు వాయిదా వేశారు. అంత గడువు ఇస్తే కౌన్సిలర్లను లాగేస్తారన్న భయంతో కులదీప్ కుమార్ పంజాబ్, హరియాణా హైకోర్టుకు వెళ్లారు. జనవరి 30న ఉదయం 10 గంటలకు ఎన్నిక పెట్టాలని, దాన్ని వీడియో తీయాలని హైకోర్టు ఆదేశించింది. ఆ తర్వాత జరిగిందానికి సాక్ష్యం మిగిలిందంటే కెమెరాల పుణ్యమే.

ఓట్లు చెల్లకపోవడం అక్కడ కొత్తేమీ కాదు. 2021 డిసెంబర్ ఎన్నికల్లో ఆప్ 14 వార్డులు గెలిచి అతిపెద్ద పార్టీగా నిలిచింది. బీజేపీకి 12 వచ్చాయి. తర్వాత నెలలో మేయర్ ఎన్నిక నాటికి కాంగ్రెస్ కౌన్సిలర్ ఒకరు బీజేపీలో చేరారు, ఎంపీ ఓటు తోడైంది, రెండు వైపులా 14 చొప్పున సమానమయ్యాయి. ఆప్ ఓటు ఒకటి చెల్లలేదు. బీజేపీ ఒక్క ఓటుతో మేయర్ పదవి దక్కించుకుంది. 2023లోనూ తేడా ఒక్క ఓటే, 15-14. ఒక్క కాగితం మీద ఏడాది పాలన ఆధారపడే చోట, ఆ కాగితాన్ని పక్కన పెట్టే అధికారం ఎంత పెద్దదో వేరే చెప్పనక్కర్లేదు.

న్యాయస్థానంలో బ్యాలెట్ పత్రాలు

హైకోర్టు ఫలితంపై మధ్యంతర స్టే ఇవ్వలేదు, విచారణను వారాల తర్వాతకు వాయిదా వేసింది. కులదీప్ కుమార్ సుప్రీంకోర్టు తలుపు తట్టారు. ఫిబ్రవరి 5న ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం ఆ వీడియో చూసింది. ఇది ప్రజాస్వామ్యాన్ని హత్య చేయడమేనని ప్రధాన న్యాయమూర్తి అన్నారు. ఆ మాట మరునాడు పత్రికలన్నిటికీ పతాక శీర్షిక అయింది. అదేరోజు ఇచ్చిన ఇంకో ఆదేశం నా దృష్టిలో అంతకన్నా విలువైనది. బ్యాలెట్ పత్రాలు, వీడియో, ఎన్నిక రికార్డులన్నీ హైకోర్టు రిజిస్ట్రార్ జనరల్ చేతికి అప్పగించి భద్రపరచాలని ధర్మాసనం చెప్పింది. కాగితం దొరక్కపోతే కేసు అక్కడితో సరి. ఎంత కోపగించుకున్నా కోర్టు లెక్కపెట్టడానికి ఏమీ మిగిలేది కాదు.

ఫిబ్రవరి 19న మసీహ్ స్వయంగా కోర్టు ముందు నిలబడ్డారు. పత్రాల మీద గుర్తులు పెట్టారా అని ప్రధాన న్యాయమూర్తి అడిగారు. ఎనిమిదింటి మీద పెట్టానని ఆయన ఒప్పుకున్నారు. పాడైన పత్రాలు మిగతావాటిలో కలిసిపోకుండా ఉండటానికే ఇంటూ గుర్తు వేశానన్నారు. సంతకం చేయాల్సిన అధికారికి గుర్తులు వేసే పని ఎక్కడిదని కోర్టు నిలదీసింది. మర్నాడు పత్రాలు తెమ్మంది.

ఫిబ్రవరి 20న ఆ ఎనిమిది పత్రాలనూ న్యాయమూర్తులు చూశారు, రెండు పక్షాల న్యాయవాదులూ చూశారు. చెల్లని ఓటు ఏదో నిబంధనలు చాలా స్పష్టంగానే చెబుతున్నాయి: ఒకరికి మించి ఓటు వేసినా, వేసిన మనిషిని గుర్తుపట్టే చిహ్నం ఓటరు పెట్టినా, ముద్ర ఎవరికి పడిందో తేలకపోయినా ఆ పత్రం చెల్లదు. ఆ ఎనిమిదింటిలో ఈ మూడూ లేవు. ప్రతి ఓటూ కులదీప్ కుమార్‌కే స్పష్టంగా పడింది. చిరుగు లేదు, మరక లేదు. ఉన్నదల్లా పత్రం కింది సగంలో అధికారి కలం పెట్టిన గీత. చెల్లదనడానికి ఒక కారణాన్ని సృష్టించేందుకే ఆ గీత గీశారని ధర్మాసనం తేల్చింది. ఎనిమిదీ చెల్లుతాయని చెప్పింది, 12కు 8 కలిపింది, 20 ఓట్లతో కులదీప్ కుమార్ మేయర్ అని ప్రకటించింది. మసీహ్ కోర్టుకు అబద్ధం చెప్పారన్న అభియోగంపై నేర విచారణ ప్రక్రియ ఎందుకు మొదలుపెట్టకూడదో చెప్పాలని నోటీసు ఇచ్చింది. తర్వాత ఆయన బేషరతుగా క్షమాపణ చెప్పుకున్నారు.

మళ్లీ ఎన్నిక పెట్టి ఉంటే?

తీర్పులో అందరూ మెచ్చుకున్నది ఎనిమిది ఓట్లు నిలబెట్టడాన్ని. దాని వెనుక ఇంకో కీలకమైన నిర్ణయం ఉంది. గొడవ జరిగింది కదా, అంతా రద్దు చేసి మళ్లీ ఓటింగ్ పెడితే సరిపోతుంది కదా అనే మాట అప్పుడు గట్టిగానే వినిపించింది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. అయితే ఈలోగా ఏం జరిగిందో చూడాలి. విచారణకు ముందు రోజు, ఫిబ్రవరి 18న సోన్కర్ మేయర్ పదవికి రాజీనామా చేశారు. అదేరోజు ముగ్గురు ఆప్ కౌన్సిలర్లు బీజేపీలో చేరారు. ఇప్పుడు కూడిక మళ్లీ చేయండి. 16కు ముగ్గురు కలిస్తే 19. ఇరవైలో ముగ్గురు పోతే 17. మళ్లీ ఎన్నిక పెడితే మేయర్ పదవి న్యాయంగానే, నిబంధనల ప్రకారమే, మొదట తప్పుడు లెక్కతో గెలిచినవాళ్లకే దక్కేది.

ఓటింగ్ సక్రమంగానే జరిగింది, పాడైంది లెక్కింపు ఒక్కటే, కాబట్టి లెక్కింపును సరిచేస్తే చాలు, మొత్తం ఎన్నికను కొట్టేస్తే ఆ తప్పును ఇంకా పెంచినట్టవుతుంది. సుప్రీంకోర్టు తర్కం ఇది. జనవరి 30న వేసిన ఓటు జనవరి 30 నాటిది. దాన్ని లెక్కించాల్సిందే. తర్వాత ఎవరి మనసు ఎటు మారిందన్నది ఆ ఓటుకు సంబంధం లేని విషయం. ఈ భయం ఊహ కాదని రెండు వారాలు తిరక్కుండానే రుజువైంది. మార్చి 4న సీనియర్ డిప్యూటీ మేయర్, డిప్యూటీ మేయర్ ఎన్నికలు జరిగాయి. రెండింటిలోనూ బీజేపీ అభ్యర్థులకు వచ్చినవి సరిగ్గా 19 ఓట్లు. ఆప్ మేయర్ కింద ఇద్దరు బీజేపీ డిప్యూటీలు కూర్చున్నారు. చండీగఢ్ కౌన్సిలర్లకు ఫిరాయింపుల నిరోధక చట్టం వర్తించదు కాబట్టి పార్టీ మారినవాళ్ల సభ్యత్వానికి వచ్చిన ముప్పు కూడా లేదు.

నేరేడ్‌మెట్‌లో ఆగిన లెక్క

గుర్తు ఒకరు పెడితే ఓటు ఇంకొకరిది పోయే పరిస్థితి మన హైదరాబాద్ కూడా చూసింది. 2020 డిసెంబర్ 1న జీహెచ్‌ఎంసీలో 150 డివిజన్లకు బ్యాలెట్ పత్రాలతో పోలింగ్ జరిగింది. ఓటరు వేయాల్సింది స్వస్తిక్ ముద్ర. కొన్ని పోలింగ్ కేంద్రాల్లో సిబ్బంది ఓటర్ల చేతికి వేరే రబ్బరు స్టాంపు ఇచ్చారు. ఓటరు దాన్నే తీసుకుని తనకు కావాల్సిన గుర్తు మీద కొట్టి వెళ్లిపోయాడు. ఓటరు ఉద్దేశం స్పష్టంగా తెలిస్తే అలాంటివీ లెక్కించవచ్చని రాష్ట్ర ఎన్నికల సంఘం లెక్కింపుకు ముందు రాత్రి సర్క్యులర్ ఇచ్చింది. బీజేపీ హైకోర్టుకు వెళ్లింది. డిసెంబర్ 4న, లెక్కింపు రోజే, ఆ సర్క్యులర్ అమలు ఆగింది. నేరేడ్‌మెట్‌లో ఆధిక్యం కన్నా వేరే ముద్ర పడిన ఓట్లే ఎక్కువ ఉండటంతో 149 ఫలితాలు వచ్చినా ఆ ఒక్కటి ఆగిపోయింది. కోర్టు అనుమతించాక డిసెంబర్ 9న లెక్క పూర్తయింది. టీఆర్‌ఎస్ 782 ఓట్లతో గెలిచింది.

రెండు కథలకూ పోలికలున్నాయి, తేడాలూ ఉన్నాయి. నేరేడ్‌మెట్‌లో ఎవరూ కావాలని గీత గీయలేదు. సిబ్బంది పొరపాటు అది. అభ్యంతరం చెప్పిన పార్టీకీ కారణముంది. లెక్కింపు తెల్లారితే అనగా రాత్రికి రాత్రి నియమం మారిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. కానీ అడగాల్సిన ప్రశ్న రెండు చోట్లా ఒకటే: పత్రం మీద ఉండకూడని గుర్తుకు బాధ్యుడు ఎవరు? ఓటరైతే ఆ ఓటు పోవచ్చు. బల్లకు అవతల కూర్చున్న మనిషైతే, స్టాంపు అందించినా సరే, కలం తిప్పినా సరే, ఆ తప్పుకు ఓటరు ఓటు పోకూడదు.

మనకు ఇది దూరపు సంగతి కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో సర్పంచ్ ఎన్నికలు కాగితం మీదే జరుగుతాయి. ఒకటి, రెండు ఓట్ల తేడాతో గెలిచే ఊళ్లు ప్రతిసారీ ఉంటాయి. రాత్రి పొద్దుపోయాక బడిలో లైట్ల కింద లెక్కింపు సాగుతుంది. రెండు గుర్తుల మధ్య గీత మీద పడిన ముద్ర ఎవరిదన్న దగ్గర ఊరు రెండుగా చీలుతుంది. అక్కడ కూర్చున్న అధికారి చాలాసార్లు ఏ బడి పంతులో, ఏ కార్యాలయ ఉద్యోగో. పత్రాన్ని ఏజెంట్ల ముఖాల ముందు పట్టుకుని, ఇదిగో చూడండి, ఇందుకు చెల్లదు అని చెప్పి పక్కన పెట్టే అధికారులు ఎందరో ఉన్నారు. ఓడినవాడు కూడా నోరెత్తకుండా ఇంటికి పోవడానికి ఆ రెండు నిమిషాలే కారణం. చండీగఢ్‌లో కరవైంది ఆ రెండు నిమిషాలే.

చేతులెత్తితే సరిపోతుందా?

2025 జనవరి 30న చండీగఢ్‌లో మళ్లీ మేయర్ ఎన్నిక వచ్చింది. ఈసారి విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ జైశ్రీ ఠాకూర్‌ను సుప్రీంకోర్టు స్వతంత్ర పరిశీలకురాలిగా పెట్టింది. బీజేపీ అభ్యర్థి హర్‌ప్రీత్ కౌర్ బబ్లాకు 19, ఆప్ అభ్యర్థి ప్రేమలతకు 17 వచ్చాయి. ఈలోగా బలాబలాలు మళ్లీ మారి ఆప్, కాంగ్రెస్‌లకు కాగితం మీద 20 ఉన్నాయి. ముగ్గురు లోపాయికారీగా అటు వేశారు. ఓడినవాళ్లకు కడుపు మండి ఉంటుంది, కానీ ఆ మంట తమవాళ్ల మీదే, లెక్కపెట్టినవాళ్ల మీద కాదు.

ఆ ఏడాది జూన్‌లో నిబంధన మారింది. రహస్య బ్యాలెట్ బదులు చేతులెత్తే పద్ధతికి పాలనాధికారి గులాబ్ చంద్ కటారియా ఆమోదం తెలిపారు. తెలుగు రాష్ట్రాల్లో మేయర్లను ఎన్నుకునేది ఇలాగే. 2025 ఏప్రిల్‌లో విశాఖ మేయర్‌పై అవిశ్వాసం నెగ్గడానికి 74 ఓట్లు కావాలి, సరిగ్గా 74 వచ్చాయి. ఒక్క చెయ్యి లేవకపోయినా వీగిపోయేది. అంత దగ్గరి తేడాలో కూడా చెల్లని ఓటన్న మాటే రాలేదు, ఎందుకంటే ఎత్తిన చెయ్యి మీద ఎవరూ గీత గీయలేరు.

ఈ పద్ధతితో లెక్కింపు గొడవ తీరుతుంది. కానీ చేతులెత్తే చోట క్యాంపులు ఆగాయా? ఓటింగ్‌కు వారం ముందే కార్పొరేటర్లను బస్సులెక్కించి రిసార్టులకు తరలించడం మనకు అలవాటైన దృశ్యం. విప్ ధిక్కరిస్తే పదవి పోతుంది కాబట్టి పార్టీ చెప్పినచోట చెయ్యి లేస్తుంది. వార్డు ప్రజలు ఏమనుకుంటారన్న లెక్కకు అక్కడ చోటు తక్కువ. చండీగఢ్‌లో 2024 జనవరి 30న తప్పు చేసింది ఓటు వేసిన ఆ 36 మందిలో ఎవరూ కాదు. వాళ్ల రహస్యం ఎవరికీ హాని చేయలేదు. తప్పు జరిగింది లెక్కపెట్టే బల్ల మీద. ఆ బల్లను బహిరంగం చేయాల్సింది పోయి ఓటును బహిరంగం చేశారు. పోటీలో ఉన్న పార్టీతో సంబంధం లేని అధికారిని కూర్చోబెట్టడం, తిరస్కరించే ప్రతి పత్రాన్నీ రెండు పక్షాల ఏజెంట్లకూ చూపించి కారణం రాయడం, పత్రాలను అక్కడే సీలు వేయడం. వీటికి పెద్ద ఖర్చు లేదు. 2025 జనవరిలో పరిశీలకురాలి ఎదుట రహస్య బ్యాలెట్‌తోనే ఎన్నిక సజావుగా ముగిసింది. అయిదు నెలలు తిరక్కుండానే ఆ బ్యాలెట్‌ను పక్కన పెట్టేశారు.