అమ్మ తట్టుకున్న ఇటుక: చలిదేశంలో పేవర్లు వేయించుకోవడం ఎలా?

పోయినేడాది ఏప్రిల్‌లో అమ్మ అమెరికా నుంచి తిరిగొచ్చినప్పుడు సూట్‌కేసు నిండా చాక్లెట్లు, ఎడమ చేతికి పిండికట్టుతో దిగింది. అక్క డెలివరీకని మినియాపోలిస్ వెళ్లింది. అక్కడ అక్కావాళ్ల ఇంటి ముందు నడిచే దారిలో ఒక పేవర్ ఇటుక అంగుళంన్నర పైకి లేచి ఉంది. మార్చి నెల, పొద్దున్నే, చేతిలో పాల క్యాన్. కాలు తట్టుకుని పడింది. మణికట్టు విరిగింది.

ఇందులో నా తప్పు కూడా ఉంది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నా.

అంతకుముందు అక్టోబర్‌లో ఆ పేవర్లు వేయించేటప్పుడు బావ ముగ్గురు కాంట్రాక్టర్ల దగ్గర కొటేషన్లు తీసుకున్నాడు. "నువ్వు కంప్యూటర్ సైన్సు కదరా, ఒక షీట్ చేసి పెట్టు" అన్నాడు. నేను ఎక్సెల్‌లో నీట్‌గా చేసి పంపా. ధర, రంగు, డిజైన్, ఎన్ని రోజుల్లో పూర్తవుతుంది, అన్నీ కాలమ్స్. "బేస్ లోతు" అని ఇంకో కాలమ్ కూడా ఉంది. ఒకాయన 4 అంగుళాలు అన్నాడు, మిగతా ఇద్దరూ 10 అన్నారు. అదేంటో నాకు అర్థం కాలేదు. షీట్ గందరగోళంగా ఉందని ఆ కాలమ్‌ని హైడ్ చేసి, ధర ప్రకారం సార్ట్ చేశా. 4 అంగుళాల ఆయనే పైకొచ్చాడు. ఆయన్నే పెట్టుకున్నారు.

మన దగ్గర పార్కింగ్ టైల్స్ వేసేటప్పుడు చూసే ఉంటారు. మేస్త్రి నేల చదును చేసి, గ్రావెల్ పోసి దిమ్మిసతో కొట్టి, పైన ఇసుకో క్రషర్ డస్టో పరిచి రెండు రోజుల్లో పని ముగిస్తాడు. మన క్యాంపస్‌లో అలా వేసినవి ఏళ్ల తరబడి బానే ఉన్నాయి. లంబసింగిలో గడ్డి మీద మంచు పేరుకుంటేనే మనకి పేపర్లో ఫొటో పడుతుంది. మన నేల లోపలి దాకా గడ్డకట్టదు. మినెసోటాలో గడ్డకడుతుంది. ఎంత లోతుకి అంటే, అక్కడి బిల్డింగ్ రూల్స్ ప్రకారం ఇంటి పునాది రాష్ట్రం దక్షిణ భాగంలో కనీసం 42 అంగుళాలు, ఉత్తర భాగంలో 60 అంగుళాలు లోపలికి వెళ్లాలి. అంతకన్నా పైన ఆపేస్తే నేల పునాదినే ఎత్తేస్తుంది. ఇంటినే ఎత్తేసే నేలకి ఒక ఇటుక లెక్కా?

నేల ఎందుకు లేస్తుంది?

నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం వ్యాకోచిస్తాయి అని మనం చిన్నప్పుడే చదువుకున్నాం. అందుకే నేల లేస్తుందని నేనూ అనుకున్నా. కానీ అసలు కారణం అది కాదు. స్టీఫెన్ టేబర్ అనే అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్త మట్టిని నీళ్లతో కాకుండా బెంజీన్‌తో తడిపి గడ్డకట్టించాడు. బెంజీన్ గడ్డకడితే పెరగదు, కుంచించుకుపోతుంది. అయినా మట్టి పైకి లేచింది!

జరిగేది ఇదీ. పై మట్టి గడ్డకట్టేటప్పుడు, దీపం వత్తి నూనెని లాగినట్టు, కింది మట్టిలోని నీళ్లని పైకి లాగుతుంది. ఆ నీళ్లు అక్కడ పొరలు పొరలుగా ఐస్‌గా మారతాయి. వీటిని ఐస్ లెన్సులు అంటారు. కింది నుంచి నీళ్లు వస్తున్నంతసేపూ ఆ పొర లావెక్కుతూ పైనున్నదాన్ని ఎత్తుతుంది. దీన్నే ఫ్రాస్ట్ హీవ్ అంటారు. దీనికి మూడు కావాలి: చలి, నీళ్లు, నీళ్లని పైకి లాగే సన్నటి మట్టి. ఒండ్రు లాంటి మెత్తటి మట్టి అయితే మరీ ఎక్కువ.

ఇంకో విషయం. మంచు నేలకి దుప్పటి లాంటిది. నడిచే దారి మీద బావ రోజూ మంచు ఎత్తిపోసేవాడు కాబట్టి, పక్కనున్న లాన్ కంటే దారి కిందే నేల ఎక్కువ లోతుకి గడ్డకడుతుంది. మార్చిలో కరగడం పైనుంచి మొదలవుతుంది. కింద ఇంకా గడ్డే ఉంటుంది కాబట్టి కరిగిన నీళ్లకి పోయే దారి లేదు. మట్టి బురదై, లేచిన ఇటుకలు కొన్ని అలాగే ఉండిపోతాయి, కొన్ని కుంగిపోతాయి. అమ్మ పడింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

మరి ఏం చెయ్యాలి?

చలిని ఆపలేం. 42 అంగుళాల మట్టీ తీసేసి మార్చలేం. కాబట్టి ఇటుకల కింద నీళ్లు నిలవని, పైకి లాగని కంకర పొర మందంగా వెయ్యాలి. నేల కాస్త కదిలినా ఆ పొర అంతా ఒకేలా కదిలి, మళ్లీ ఒకేలా దిగుతుంది. కాంక్రీట్ పలక అయితే పగుళ్లిస్తుంది. పేవర్లు విడివిడి ముక్కలు కాబట్టి సర్దుకుంటాయి, పాడైతే తీసి మళ్లీ పరచొచ్చు. కానీ ఈ లాభమంతా కింద పని సరిగ్గా ఉంటేనే.

రెండోసారి కాంట్రాక్టర్‌ని పెట్టుకునేటప్పుడు ముందు నేను చదివా. సివిల్ బ్రాంచ్ ఫ్రెండ్ దగ్గర సాయిల్ మెకానిక్స్ పుస్తకం తెచ్చుకుని, అక్కడి కాంట్రాక్టర్లని బావ అడగాల్సిన ప్రశ్నలు రాసిచ్చా. అవే ఇక్కడ పెడుతున్నా.

1. ఎంత లోతు తవ్వుతారు? నడిచే దారికైనా గట్టిగా కుదించిన కంకర కనీసం 6 అంగుళాలు ఉండాలి. మట్టి మంచిది కాకపోతే, కారు ఎక్కేచోటైతే 10, 12 కూడా కావాలి. అక్కావాళ్లది మెత్తటి మట్టి కాబట్టి 10 అంగుళాల కంకర, 1 అంగుళం ఇసుక, 60 మిల్లీమీటర్ల ఇటుక. అంటే 13 అంగుళాల పైనే తవ్వాలి.

2. కంకర ఎలా వేస్తారు? మొత్తం ఒకేసారి పోసి పైన మిషన్ తిప్పితే కింద వదులుగా ఉండిపోతుంది. 4 అంగుళాలకి మించకుండా ఒక్కో పొర వేసి ప్లేట్ కంపాక్టర్‌తో కుదించాలి. మట్టికీ కంకరకీ మధ్య జియోటెక్స్‌టైల్ అనే గట్టి గుడ్డ పరవాలి. లేకపోతే బురద మెల్లగా కంకరలోకి ఎక్కుతుంది.

3. ఇసుక ఎంత? ఒక్క అంగుళం, అంతా సమానంగా. పల్లం ఉన్నచోట ఎక్కువ ఇసుక పోసి లెవెల్ చేస్తే అది దొంగపని. పాతవి పీకినప్పుడు ఒకచోట 3 అంగుళాల ఇసుక, దాని కింద నేరుగా నల్లమట్టి కనిపించాయి. చెప్పిన 4 అంగుళాల కంకర కూడా అన్నిచోట్లా లేదు.

4. నీళ్లు ఎటు పోతాయి? ఇంటి నుంచి బయటకి అడుగుకి పావు అంగుళం వాలు ఉండాలి. చూరు నీళ్ల పైపు ఆ దారి మీదకే వదలకూడదు.

5. ఇటుక ఏ ప్రమాణానిది? అమెరికాలో ఏఎస్‌టీఎం సి936 అని ఉంది. సగటున చదరపు అంగుళానికి 8,000 పౌండ్ల బలం తట్టుకోవాలి, 5 శాతానికి మించి నీళ్లు పీల్చకూడదు. నీళ్లు పీల్చిన ఇటుక లోపల్నుంచే పగులుతుంది.

6. అంచులు ఎలా బిగిస్తారు? చుట్టూ అంచు పట్టీ పొడవాటి మేకులతో దిగ్గొట్టకపోతే ఇటుకలు పక్కకి జరిగి సందులొస్తాయి.

7. కాగితాలున్నాయా? పనివాళ్లకి దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ ఉందా? తవ్వే ముందు 811కి ఫోన్ చేసి గ్యాస్, కరెంటు లైన్లు గుర్తు పెట్టిస్తారా? గ్యారంటీ ఇటుకకా, పనికా? మొదటి కాంట్రాక్టర్ ఇచ్చిన గ్యారంటీ ఇటుకల కంపెనీది. ఇటుక పగలలేదు, లేచింది అంతే. కాబట్టి అది ఎందుకూ పనికిరాలేదు. ఆయనేమో ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇంకోటి, కంకర సప్లయర్‌కి కాంట్రాక్టర్ డబ్బులు ఎగ్గొడితే, ఆ సప్లయర్ మన ఇంటి మీద క్లెయిమ్ వెయ్యొచ్చు. అందుకే చివరి పేమెంట్ ముందు లీన్ వేవర్ అనే కాగితం తీసుకోవాలి.

ఇన్ని అడగలేం అనుకుంటే ఒక్కటి అడగండి: "మీరు మూడు నాలుగేళ్ల క్రితం చేసిన పని చూపించండి." పోయిన నెల వేసింది ఎవరిదైనా అందంగానే ఉంటుంది. నాలుగు చలికాలాలు దాటినది చూస్తే కింద ఏం చేశాడో తెలిసిపోతుంది. బావ అలాగే రెండు ఇళ్లు చూసొచ్చాకే రెండో ఆయనకి పని ఇచ్చాడు. ధర ఎక్కువే. కానీ రెండుసార్లు పెట్టిన ఖర్చు కలిపితే, మొదటే ఆయన్ని పెట్టుకోవాల్సింది అని అక్క ఇప్పటికీ అంటుంది. కంకర పడ్డాక, ఇటుక పరచకముందు టేపు పెట్టి ఫొటోలు తియ్యమన్నా. తీసి గ్రూప్‌లో పెట్టాడు. కప్పేశాక ఎవరు మాత్రం చూస్తారు?

పోయిన జూన్‌లో ఆ పని పూర్తయింది. ఒక చలికాలం గడిచింది. ఈ ఏప్రిల్‌లో అక్క వీడియో కాల్ చేసి, బావ ఆ దారి మీద లెవెల్ పట్టె పెట్టడం చూపించింది. ఎక్కడా ఇటుక లేవలేదు. మా మేనల్లుడు దాని మీద తప్పటడుగులు వేస్తున్నాడు. ఒక్క చలికాలంతో గెలిచామని చెప్పను, ఇంకో మూడు చూడాలి.

అమ్మ చెయ్యి నయమైంది కానీ బరువు ఎత్తితే ఇంకా నొప్పి. షీట్ సంగతి నేను చెప్పినప్పుడు అమ్మ నవ్వేసి "నీకేం తెలుసు నాన్నా, చిన్నపిల్లాడివి" అంది. ఆ మాట తిట్టినదానికన్నా గట్టిగా తగిలింది. తెలియని కాలమ్‌ని దాచే బదులు "ఇదేంటి బావా?" అని ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే సరిపోయేది.

మీ వాళ్లెవరైనా మినెసోటాలోనో టొరంటోలోనో ఇల్లు కొనుక్కుని ముందు పేవర్లు వేయిస్తుంటే, ఈ ఏడు ప్రశ్నలూ వాళ్లకి పంపండి. కొటేషన్లు పోల్చే షీట్ మీ చేతికే వస్తే, "బేస్ లోతు" కాలమ్‌ని మాత్రం హైడ్ చెయ్యకండి.