చెల్లింపుల శేషం: 1991 నేర్పిన లెక్క

"విదేశీ చెల్లింపుల శేషం" అన్న మాట కనబడగానే అర్థశాస్త్రం చదవని మిత్రులు పేజీ తిప్పేస్తారని నాకు తెలుసు. చదివేవాళ్లం మాత్రం ఏం తక్కువ? పరీక్షకు నాలుగు నిర్వచనాలు బట్టీపట్టి, హాలు దాటగానే మరిచిపోతాం. నిజానికిది ఇంటి పద్దు లాంటిదే. ఒక ఏడాదిలో మన దేశవాసులకూ మిగతా ప్రపంచానికీ మధ్య జరిగిన లావాదేవీలన్నిటినీ జమ, ఖర్చుల కింద రాసిన చిట్టా.

ఈ చిట్టాలో రెండు పెద్ద భాగాలున్నాయి. మొదటిది కరెంటు ఖాతా. సరుకుల ఎగుమతి, దిగుమతుల తేడా, అంటే వ్యాపార శేషం, ఇందులో ఒక భాగం మాత్రమే. ఓడలో వచ్చే సరుకు కంటికి కనబడుతుంది. కంటికి కనబడనివీ చాలా ఉన్నాయి: సాఫ్ట్‌వేర్ సేవలు, ఓడ కిరాయిలు, యాత్రికుల ఖర్చులు, అప్పులమీద వడ్డీలు, పరదేశాల్లో కష్టపడే మనవాళ్లు ఇంటికి పంపే డబ్బు. రెండోది మూలధన ఖాతా. విదేశీ అప్పులు, పెట్టుబడులు, ప్రవాసుల బ్యాంకు డిపాజిట్లు ఇందులోకి వస్తాయి. ఇంకా లెక్క తేలకపోతే "తప్పులు, వదిలివేతలు" అని ఒక వరుస రాస్తారు. మన మెస్ సెక్రెటరీలకు ఈ సదుపాయం లేకపోవడం అన్యాయమే!

ఇక్కడొక చిక్కుంది. చెల్లింపుల శేషం పుస్తకంలో ఎప్పుడూ సమానంగానే ఉంటుందంటారు. మరి లోటు, లోటు అని ఈ గోలంతా దేనికి? నెలకు పది వేలు సంపాదించి పన్నెండు వేలు ఖర్చుపెట్టినవాడి పద్దు కూడా సరిపోతుంది. ఆ రెండు వేలు ఎక్కడో అప్పు తెచ్చుంటాడు, లేదా ఇంట్లో గాజులు తాకట్టు పెట్టుంటాడు. కాబట్టి లోటు ఎంత అని అడిగి ఊరుకుంటే చాలదు. దాన్ని ఎవరి డబ్బుతో పూడ్చారు, ఆ డబ్బు ఎంతకాలం నిలుస్తుంది అని కూడా అడగాలి. రెండో ప్రశ్నే అసలు ప్రశ్న అని నా నమ్మకం. అందుకు 1991 కంటే మంచి సాక్ష్యం లేదు.

1980 దశకంలో మన దిగుమతులు ఎగుమతులను మించిపోతూ వచ్చాయి. ప్రభుత్వ ఖర్చూ ఆదాయాన్ని దాటిపోయింది. ఆ సందును విదేశీ వాణిజ్య బ్యాంకుల అప్పులతోనూ, ప్రవాస భారతీయుల డిపాజిట్లతోనూ పూడ్చారు. విదేశీ కరెన్సీలో పెట్టే ఆ డిపాజిట్లకు మంచి వడ్డీ ఇచ్చారు. మధ్యలో రూపాయి విలువ పడిపోతే ఆ నష్టం రిజర్వు బ్యాంకు భరించేట్టు ఏర్పాటుండేది. డబ్బు పెట్టినవాడికి ఇంతకంటే ఏం కావాలి?

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో దిగాయి. ముడి చమురు ధర రెండు మూడు నెలల్లో రెండింతలైంది. కువైట్, ఇరాక్‌ల నుంచి సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో స్వదేశానికి చేర్చారు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి బతుకుతెరువుకు వెళ్లిన మనవాళ్లూ వారిలో ఉన్నారు. చమురు బిల్లు పెరిగిన వేళకే వాళ్లు పంపే డబ్బు ఆగిపోయింది.

పాఠకులు ఇక్కడ ఒక తేడా గమనించాలి. కువైట్‌లో మేస్త్రీ పని చేసే ఒకాయన అమ్మ ఖర్చులకని పంపిన సొమ్ము కరెంటు ఖాతాలో పడుతుంది. అది మళ్లీ వెనక్కి పోదు. మరొక ప్రవాసి అంతే సొమ్మును విదేశీ కరెన్సీ డిపాజిట్టుగా వేస్తే అది మూలధన ఖాతాలో చేరుతుంది. దేశానికది అప్పు. గడువు రాగానే డాలర్లలో తిరిగి ఇచ్చెయ్యాలి. రెండూ మనవాళ్ల డబ్బే. ఒకటి ఇంట్లో మనిషి, రెండోది చుట్టం. ఇల్లు కాలుతోందని పుకారు పుట్టగానే చుట్టం సంచీ సర్దుకుంటాడు. 1990 అక్టోబరు నుంచి జరిగింది అదే. డిపాజిట్లు తరలిపోయాయి, విదేశీ బ్యాంకులు స్వల్పకాలిక అప్పులు తిరగరాయడానికి వెనుకాడాయి. 1991 జూన్ నాటికి మన విదేశ మారక నిల్వలు రెండు, మూడు వారాల దిగుమతులకు సరిపోయే స్థితికి వచ్చాయి.

గాజుల మాట ఊరికే అనలేదు. 1991 మేలో స్మగ్లర్ల నుంచి స్వాధీనం చేసుకున్న 20 టన్నుల బంగారాన్ని, తిరిగి కొనుక్కునే షరతుమీద, స్టేట్ బ్యాంకు ద్వారా స్విట్జర్లాండ్ బ్యాంకుకు అమ్మారు. జూలైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నులు కుదువపెట్టి 40 కోట్ల డాలర్లు తెచ్చింది. బంగారం విమానమెక్కి లండన్ వెళ్లిందని తెలిసి దేశం సిగ్గుపడింది. కాని వాయిదా తప్పిన దేశమన్న పేరు మాత్రం రాలేదు.

అప్పటికే జూన్ 21న పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యారు. జూలై 1న, 3న రెండు విడతలుగా రూపాయి మూల్యాన్ని తగ్గించారు. డాలరు సుమారు 21 రూపాయల నుంచి దాదాపు 26కు చేరింది. దీనివల్ల మన సరుకు బయటివాడికి చవక, బయటి సరుకు మనకు ప్రియం. ఎగుమతి పెరిగి దిగుమతి తగ్గాలన్నది ఆశ. అది ఒక్కరోజులో జరిగే పని కాదు. చమురు ప్రియమైందని కొనడం మానుకోగలమా?

తరువాత సి. రంగరాజన్ అధ్యక్షతన ఏర్పడ్డ కమిటీ చెప్పినది సూటిగా ఉంది: స్వల్పకాలిక అప్పులను అదుపులో పెట్టండి, అప్పు కాని నిధులకు పెద్దపీట వెయ్యండి. సంక్షోభ కాలంలో ఆర్థిక మంత్రిత్వ శాఖలో ఈ శేషం వ్యవహారాలు చూసిన అధికారి మన కడప జిల్లాకు చెందిన వై.వి. రెడ్డిగారు. తరువాత ఆయనే 2003 నుంచి 2008 దాకా రిజర్వు బ్యాంకు గవర్నరు. 2009లో అదే రిజర్వు బ్యాంకు అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి 200 టన్నుల బంగారం కొన్నది.

అంతమాత్రాన చుట్టాలతో పని తీరిపోలేదు. 2013లో అమెరికా కేంద్ర బ్యాంకు తన ఉద్దీపన తగ్గిస్తానని అనగానే ఇక్కడి పెట్టుబడులు కదిలాయి, ఆగస్టులో డాలరు 68 రూపాయలు దాటింది. అప్పుడు రిజర్వు బ్యాంకు మళ్లీ ప్రవాసుల గుమ్మమే తొక్కింది. మారకపు నష్టంలో కొంత తాను భరిస్తానని బ్యాంకులకు చెప్పి, సుమారు 2,600 కోట్ల డాలర్ల డిపాజిట్లు రప్పించింది. గడువు చాలావాటికి మూడేళ్లు. 2016లో అవి తిరిగి వెళ్లాయి. ఈసారి పెట్టెలో నిల్వలు దండిగా ఉన్నాయి గనుక ఎవరికీ చప్పుడు వినబడలేదు.